మాల్ దాటాక మాట లేదు

"వదినె, ఇయ్యాల్టి సంది నువ్వు నోరు తెర్వకు. నువ్వు నోరు తెరిస్తే మా అందరి పానం మీదికొస్తది."

"సరే వదినగారూ, తెరవను. ఇక మీరు అడిగినా తెరవను."

సీతారావమ్మకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి, మొదటిది నాది. మాల్ ఊరి బయట, బోరింగు దగ్గర, పొద్దున్నే మొహాలు కడుక్కుంటూ అనుకున్నాం. ఆ తర్వాత నేను శ్రీశైలం వెళ్ళాను, వచ్చాను, శివరాత్రి దాటి నెల అయింది. మళ్ళీ ఒక్క మాట లేదు.

వచ్చే ఏడు మేమూ నడుస్తామంటూ కాలనీలో ఆడవాళ్ళు రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. ఎట్లా ఉంటుంది అండాలమ్మా, కాళ్ళు బొబ్బలెక్కుతాయా, తిండి దొరుకుతుందా, అడవిలో భయమా అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. రాద్దామంటే సంతకం వరకే వచ్చు. అందుకని మా ఆడబిడ్డ కోడలు సుజాతను కూర్చోబెట్టాను. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ పడుకోవాలి అనేవి మమ్మల్ని నడిపించిన కిష్టయ్య బావను అడగండి. నేను దారిలో మనుషుల గురించి చెబుతాను, నేను చేసిన పని గురించి చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్

బయలుదేరే ముందు రోజు సీతారావమ్మా నేనూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి బూట్లు కొన్నాం. ఫుట్‌పాత్ మీద గుట్టగా పోసిన కాన్వాసు బూట్లు. నా జన్మలో బూట్లు తొడగడం అదే మొదలు. చీర కింద తెల్లబూట్లు చూసి అమ్మేవాడు నవ్వాడు. "అమ్మా, ఓట్లకు నిలబడుతున్నవా ఏంది?" అన్నాడు. నూట యాభై చెప్పాడు. సీతారావమ్మ తొంభైకి దించింది. బేరం ముగిసేసరికి వాడి పెళ్ళాం ఊరు, పిల్లాడి బడి, అత్తగారి మోకాళ్ళ నొప్పి అన్నీ ఆమెకు తెలిసిపోయాయి.

సీతారావమ్మ మా ఎదురింటావిడ. తెనాలి దగ్గర పల్లె వాళ్ళది. భార్యాభర్తలిద్దరూ చైతన్యపురిలో కోచింగ్ పిల్లలకు హాస్టల్ నడుపుతారు, వంట ఆమెదే. మేము పోచంపల్లి నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఉంటున్నవాళ్ళం. మా ఆయన మగ్గం వదిలి చీరల దుకాణంలో గుమాస్తాగా చేసి పోయాడు. ఆయన పోయినప్పుడు మా పొయ్యి వెలగని రోజులన్నీ అన్నం గిన్నె సీతారావమ్మ ఇంటి నుంచే వచ్చింది.

ఆమెకు మాట్లాడకపోతే తోచదు. నేను అలా పెరగలేదు. పన్నెండో ఏట నుంచి ఆసు పోశాను. చీరకు కావలసిన నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి పోసే పని అది. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోవాలి, మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది. మా ఇళ్ళల్లో ఆడది మాట్లాడటం లేదంటే పని సక్రమంగా సాగుతోందని అర్థం. సీతారావమ్మ ఇంట్లో మాట వినపడలేదంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. పదమూడేళ్ళు ఎదురెదురుగా ఉండి తెలుసుకున్న ఈ సంగతి, అవసరమైన రోజున నాకు గుర్తు రాలేదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. రోజు విడిచి రోజు బంద్. నేను కూడా ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నాను, బతుకమ్మ ఆడాను. రాష్ట్రం రావాలనే నా కోరిక, ఇందులో దాపరికం లేదు. ఒక రోజు సీతారావమ్మ బిందెడు మజ్జిగ చేసి టెంటు దగ్గరికి తెచ్చింది. "రాష్ట్రం తెచ్చుకోండి వదినగారూ, వడదెబ్బ మాత్రం తెచ్చుకోకండి" అంది. టెంటు కింద అందరూ నవ్వారు. ఒకరిద్దరు మజ్జిగ తాగలేదు. అది ఆమె చూసింది, నేనూ చూశాను.

తుర్కయంజాల్

మొత్తం ఇరవై మందిమి నడిచాం. కిష్టయ్య బావ మా కులపాయన, ఆరుసార్లు నడిచి వెళ్ళినవాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో కొబ్బరికాయ కొట్టి నియమాలు చెప్పాడు. పొద్దున స్నానం, నడక. మొదటి తిండి దారిలో పూజ చేసుకున్నాకే. అందరూ జంటలుగా నడవాలి. "ఎవరి జంటను ఆల్లు చూసుకోవాలె. నీ జంట ఆగితే నువ్వాగాలె. నీ జంటకు ఏమైతున్నదో నాకు జెప్పేది నువ్వే" అన్నాడు. నా జంట సీతారావమ్మ.

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ చేరేసరికే నా కొత్త బూటు మడమ కొరికేసింది. రోడ్డుకు రెండు వైపులా ప్లాట్ల రాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, మధ్యలో ఒక పుచ్చకాయల బండి. బండి దగ్గర ముసలమ్మ మమ్మల్ని పిలిచి ఇరవై మందికీ ముక్కలు కోసి ఇచ్చింది, డబ్బులు ముట్టలేదు. "శివయ్య కాడికి పోతున్నరు, నాకు జర ఇబూది తేండ్రి చాలు" అంది. మన దగ్గర బండివాళ్ళు ముక్క రుచి చూపించడానికే ముఖం ముడుస్తారు.

అక్కడే కూర్చుని సీతారావమ్మ నా కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసి, పాత చీర పేలికతో కట్టింది. కడుతూ మాట్లాడుతూనే ఉంది. కొడుకు గురించి, హాస్టల్ ఖాళీ అవుతున్న సంగతి గురించి, తన మందుల గురించి. నేను మడమ మంటలో ఉన్నాను. ఊఁ కొడుతున్నాను, వినడం లేదు. ఆమె మాట ఎప్పుడూ ఉండేదే కదా, ఎక్కడికి పోతుంది అనే ధీమా.

కొత్త బూట్లతో ఎవరూ బయలుదేరకండి. నెల ముందు కొని ఇంట్లో తొడుక్కు తిరగండి. ఇది చిన్న బుద్ధి. పెద్దది ముందుంది.

ఇబ్రహీంపట్నం

రెండో రోజు ఇబ్రహీంపట్నంలో చాయ్ తాగాం. గ్లాసు అయిదు రూపాయలు, చిక్కగా ఉంది. సీతారావమ్మ దుకాణం అతనితో, "బాబూ, నా టీలో పంచదార వెయ్యకయ్యా" అంది.

బెంచీ మీద ఒకాయన పేపరు దించాడు. "ఏడ మీది?"

"మన్సూరాబాదండీ."

"మన్సూరాబాద్ల ఇట్ల మాట్లాడుతరా?"

"ఈ మధ్య అన్ని రకాలూ మాట్లాడుతున్నారండీ" అంది ఆమె నవ్వుతూ. ఆయన నవ్వలేదు. పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు. అంతే జరిగింది. కానీ నాకు భయం మొదలైంది. ఎక్కడో బస్సు అద్దాలు పగిలాయని, ఎవరినో దింపేశారని ఫోన్లలో చెప్పుకుంటున్న రోజులు. నిజమెంతో నాకు తెలియదు. భయానికి నిజంతో పనేముంది? మా వెనక నడిచే జంట కూడా గుసగుస మొదలుపెట్టింది. "అండాలక్కా, నీ దోస్తును జర తక్కువ మాట్లాడమను." నేను ఆమెతో అనలేదు. ఆ రోజు అనలేదు.

మాల్ సంత

మాల్ చేరిన రోజు అక్కడ సంత. ఎడ్లు, మేకలు, మిరపకాయల కుప్పలు, వెదురు బుట్టలు. మన వైపు మార్కెట్‌లో కూరగాయలు బేరం చేసినట్టు అక్కడ ఎడ్లను బేరం చేస్తారు. అమ్మేవాడు, కొనేవాడు ఒకే తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. సీతారావమ్మ ఆ తువ్వాలు కిందికి వంగి చూడబోయింది. ఎడ్ల వ్యాపారి గదమాయించాడు. "ఏయ్, ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు?"

"తెనాలి పక్కన. ఇప్పుడు పట్నంలో ఉంటున్నాం."

"ఇంకెన్ని దినాలుంటరు మా పట్నంల?"

చుట్టూ ఇరవై ముప్పై మంది మగవాళ్ళు. ఆమె మాత్రం నడుము మీద చెయ్యి పెట్టుకుని అంది: "నా మనవరాలి పెళ్ళి చేసేదాకా ఉంటానయ్యా. దానికింకా పెళ్ళయ్యే వయసు లేదు, అసలు పుట్టనే లేదు."

గుంపంతా గొల్లుమంది. వ్యాపారి కూడా నవ్వి, "పో పో, మస్తు మాటకారివున్నవ్" అని తువ్వాలు దులుపుకున్నాడు. ఆమె గెలిచింది. అందరూ చూశారు. నేను మాత్రం ఆ నవ్వు రాకపోతే ఏమయ్యేదని చూశాను. ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నప్పుడు మా వాళ్ళు నలుగురు నన్ను పట్టుకుని చెప్పారు. రేపు బంద్ అట, దారిలో రోడ్డు ఆపుతారట, ఆమె వల్ల మనందరికీ ముప్పు అని. కిష్టయ్య బావ ఒక్కడే, "గా ముచ్చట్లన్నీ వద్దు, పండుకోండ్రి" అన్నాడు.

తెల్లవారి బోరింగు దగ్గర నేను ఆమెతో ఆ మాట అన్నాను. మెల్లగా చెప్పవచ్చు, చేయి పట్టుకుని చెప్పవచ్చు. నేను ఆజ్ఞ వేసినట్టు చెప్పాను. ఆమె అప్పుడే మాత్ర వేసుకుని నీళ్ళు తాగుతోంది. గ్లాసు కింద పెట్టి నా వైపు చూసి, ఇక మీరు అడిగినా తెరవను అంది.

చింతపల్లి రాకముందు

నాలుగు కిలోమీటర్ల అవతల ఒక ఊళ్ళో మాకు ఉప్మా పెడతామన్నారు. వెళితే బంద్ అని పొయ్యి వెలిగించలేదు. ముందు ఊళ్ళో తిందామని నడిచాం. అక్కడ హోటళ్ళకు తాళాలు. మా సంచులు, బిస్కెట్లు అన్నీ మోసే ట్రాలీ ఆటోను బంద్ వాళ్ళు మాల్ దగ్గరే ఆపేశారు. ఎండ ఎక్కింది. నా పక్కన సీతారావమ్మ ఒక్క మాట లేకుండా నడుస్తోంది. నాకు అది హాయిగా అనిపించింది. ఇది కూడా రాయి సుజాతా, నిజం. నాలుగు రోజుల తర్వాత చెవులకు విశ్రాంతి దొరికిందనుకున్నాను.

పదకొండు దాటాక రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి కనిపించింది. వెనక టెంటు, డప్పులు, పాటలు. రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గుండిగలు. రోడ్డు ఆపి వంటావార్పు నిరసన చేస్తున్నారు. ఊరి ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. పప్పుచారు పోపు వాసనకు నా కడుపు లాగేసింది.

ఒక నల్లటి పొడుగాటి మనిషి ముందుకొచ్చాడు. "ఏడికెల్లి పెద్దాయినా?"

"పట్నం కెల్లి. శ్రీశైలం నడిచిపోతున్నం" అన్నాడు కిష్టయ్య బావ.

"నడిచేటోళ్లను ఎవలాపుతరు! కూసోండ్రి, బువ్వ దిని పోండ్రి. అన్నం ఉడికింది."

తినే ముందు పూజ చేయాలని బావ పూజ సంచి దించబోయాడు. నాకు ఒక్కటే ఆలోచన. కూర్చుంటే పలకరిస్తారు, ఏ ఊరని అడుగుతారు, ఆమె నోరు తెరుస్తుంది.

"మేం ఇప్పుడే తిన్నం" అన్నాను గట్టిగా.

బావ నా వైపు తిరిగి చూశాడు. మా వాళ్ళెవరూ కాదనలేదు, అందరికీ నా భయమే ఉంది. వెనక నుంచి సీతారావమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. నేను విడిపించుకున్నాను. మళ్ళీ లాగింది, ఈసారి మెల్లగా. కోపం చూపిస్తోందనుకున్నాను.

పొయ్యి దగ్గర నుంచి ఒకావిడ లేచి వచ్చింది. తర్వాత తెలిసింది, పేరు ఎల్లమ్మ. గరిటె చేతిలోనే ఉంది. "గీమె ఏంది గట్లున్నది? ఏమన్న మాట్లాడదేంది?"

"మౌనం పట్టింది" అన్నాను. "గుడి ముట్టేదాంక మాట్లాడదు."

ఎల్లమ్మ గరిటె కింద పెట్టి, వంగి సీతారావమ్మ కాళ్ళకు మొక్కింది. "మంచిగ మొక్కు తల్లీ, మా తెలంగాణ గురించి గూడ మొక్కు" అంది. సీతారావమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి వణకడం నేను చూశాను. చూసి, భయంతో వణుకుతోందనుకున్నాను. నా భయమే అందరికీ ఉంటుందనుకున్నాను.

ఎడ్లబండి జరిపి దారి ఇచ్చారు. రెండు వందల అడుగులు కూడా నడవలేదు. పక్కన దబ్బున చప్పుడైంది.

ఆరెంపీ గది

సీతారావమ్మ కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, స్పృహ లేదు. ఒళ్ళంతా చల్లటి చెమట, రవిక తడిసిపోయింది. నేను మొహం మీద నీళ్ళు కొడుతున్నాను, వదినె వదినె అంటున్నాను. వంటావార్పు దగ్గర నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. మాకు దారి ఇచ్చిన ఆ పొడుగాటి మనిషే ఆమెను చేతుల మీద ఎత్తుకున్నాడు. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఉన్నాడు, అతని గదికి పరుగు. నేను వెనక పరుగెత్తలేక కట్టిన కాలుతో ఈడ్చుకుంటూ వెళ్ళాను.

బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు నన్ను అడిగాడు. "ఏం గోలీలు వాడుతది?"

తెలియదన్నాను.

"షుగరుందా? బీపీనా?"

తెలియదన్నాను.

"నీకేమైతది?"

"మా అక్క" అన్నాను. "పోచంపల్లి." అక్కడ కూడా అబద్ధమే వచ్చింది.

"అక్కకు ఏం బీమారుందో తెల్వదా?" అన్నాడు. అప్పుడే ఆమె రవికలోని చిన్న పర్సులో ఫోను మోగింది. ఎల్లమ్మ తీసి ఇచ్చింది. డాక్టరు మీట నొక్కితే గదంతా వినపడింది. ఆమె కొడుకు.

"అమ్మా, టిఫిన్ తిన్నావా? మాత్ర వేసుకుని ఎంతసేపైంది? అమ్మా? ఏమైంది, మాట్లాడవేంటి?"

గుమ్మం దగ్గర పదిహేను మంది నిలబడి ఉన్నారు. ఆ మాట ఏ వైపుదో అందరికీ అర్థమైంది.

డాక్టరు ఫోనులోకి వంగి, "షుగర్ గోలీనా బాబూ?" అన్నాడు.

"అవునండీ, వేసుకున్న గంటలోపు తినాలి. లేకపోతే పడిపోతుంది. ఎవరండీ మీరు? అండాలమ్మ ఆంటీ లేరా? ఆవిడకు అమ్మ మొదటి రోజే చెప్పానందే!"

అప్పుడు గుర్తొచ్చింది. తుర్కయంజాల్‌లో నా కాలు ఒళ్ళో పెట్టుకుని, పేలిక ముడి వేస్తూ చెప్పింది. "మాత్ర పడ్డాక తినకపోతే వణుకొస్తుంది వదినగారూ, నేను మర్చిపోతే మీరు గుర్తు చేయండి" అని. నేను ఊఁ అన్నాను.

డాక్టరు నరానికి గ్లూకోజ్ ఎక్కించడం మొదలుపెట్టాడు. గుమ్మంలో ఒకడు, "ఓహో, ఆంధ్రామెనా" అన్నాడు. పొడుగాటి మనిషి మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని చొక్కా ఆమె చెమటతో తడిసి ఉంది.

"గందుకా మౌనం పట్టిచ్చినవ్? ఆకలిగొన్న మనిషి కంచం గుంజుకునేటోళ్ల లెక్క కనబడ్డమా అవ్వా నీకు?"

ఉద్యమంలో నేనూ కూర్చున్నాను కదా. నా సొంత మనుషుల్ని నేనే నమ్మలేదు. ఆమెనూ నమ్మలేదు, ఆమె నోటినీ నమ్మలేదు. మాల్‌లో అంత మందిని నవ్వించిన నోరు అది.

ఎల్లమ్మ అతన్ని జరిపింది. "ఇగ ఆపు. ఆమెకు పానం రానీ, ఎన్కశీరి కొట్లాడుదువు."

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గ్లూకోజ్ సీసాలో బుడగలు లేస్తుంటే వాటినే చూస్తున్నాను. ఆమెకు ఏమైనా అయితే ఆ కొడుక్కి ఏ మొహం చూపించాలి, తిన్నాం అన్నానని ఎట్లా చెప్పాలి. చివరికి ఆమె వేళ్ళు కదిలాయి. కళ్ళు తిప్పి గది చూసింది, నన్ను చూసింది, ఎల్లమ్మను చూసింది.

"అమ్మా, కాస్త అన్నం పెడతారా?" అంది ఎల్లమ్మతో.

"పెడ్త తల్లీ. మాట్లాడు. ఎంతనన్న మాట్లాడు" అంది ఎల్లమ్మ. అల్యూమినియం పళ్ళెంలో అన్నం, పప్పుచారు తెచ్చి తన చేత్తో కలిపి ముద్దలు పెట్టింది. ఆ పళ్ళెం అందుకోబోయి నేను చెయ్యి చాపితే సీతారావమ్మ గోడ వైపు తిరిగింది.

సాయంత్రం దాకా గది బయట మెట్టు మీద కూర్చున్నాను. లోపల వాళ్ళిద్దరి మాటలు వినపడుతూనే ఉన్నాయి. పప్పుచారులో మేము బెల్లం వేస్తామని ఆమె, ఛీ తియ్యటి చారేందని ఈమె. మధ్యలో నవ్వులు. రోడ్డు తెరిచాక కొడుకు కారు తీసుకొచ్చాడు. నన్ను చూసి, "పర్లేదు ఆంటీ" అన్నాడు. తిట్టినా బాగుండేది. కారెక్కే ముందు ఆమె కిష్టయ్య బావకు దండం పెట్టింది, ఎల్లమ్మను కౌగిలించుకుంది. నా ముందు నుంచి వెళ్ళి కూర్చుంది.

మన్ననూరు దాటాక అడవి

"నీ జంట లేదు. నడుస్తవా, తిరిగిపోతవా?" అని బావ అడిగాడు. తిరిగి వస్తే ఆమె గడప ముందు నుంచే మా గడప ఎక్కాలి. అంతకంటే అడవే నయమనిపించింది. నడిచాను.

దేవరకొండ, డిండి, మన్ననూరు. ఆ ఊళ్ళ గురించి నాకు చెప్పడానికి ఎక్కువ లేదు, తల వంచుకుని నడిచాను. డిండిలో జొన్నరొట్టె, చింతపండు తొక్కు పెట్టారు, అది గుర్తుంది. మన్ననూరు తర్వాత అడవి. రోడ్డు పక్కన కోతులు, ఎండుటాకుల చప్పుడు. చెంచు ఆడవాళ్ళు చెట్టు కింద తేనె సీసాలు పెట్టుకుని అమ్ముతున్నారు, పిలవరు, కొనమనరు, మనమే ఆగాలి. అడవిలో భయమా అని అడుగుతున్నారు కదా, భయం లేదు. పక్కన జంట లేకుండా నడవడమే కష్టం. బావ నన్ను తన పక్కన పెట్టుకున్నాడు గానీ ఆయన మాట్లాడే మనిషి కాదు. సీతారావమ్మ ఉంటే ప్రతి కోతికీ ఒక పేరు పెట్టేది.

శ్రీశైలం

కృష్ణ మీద వంతెన దాటుతుంటే మా వెనక జంటలో ఒకామె, "ఇగ ఇటు పక్క ఆంధ్రనే. మనం మూగోళ్లం కావాలె" అంది. నవ్వులాటకే అంది. కానీ ఆ మాట అందరి నోళ్ళకూ తాళం వేసింది, చూశారా.

ఘాట్ ఎక్కేసరికి నాకు నాలుక పిడచకట్టింది. మలుపులో మజ్జిగ అమ్మే ఒకావిడ ఉంది. ఆమె ముందు నిలబడ్డాను. మజ్జిగ ఇయ్యి అనాలి, అంతే. కానీ నా నోరు తెరిస్తే నేనెక్కడిదాన్నో తెలిసిపోతుంది. చేత్తో సైగ చేశాను.

"నోట్లో మాట లేదా ఏమ్మా? ఎన్ని కావాల?" అంది ఆవిడ.

అయిదు నిమిషాల దాహానికే నాకు అట్లా ఉంది. మాల్ నుంచి ఆ ఎడ్లబండి దాకా ఆమె ఎట్లా నడిచిందో, చేతులు వణుకుతుంటే, ఎదురుగా అన్నం ఉడుకుతుంటే, నా కొంగు రెండుసార్లు లాగి ఎట్లా ఊరుకుందో అప్పుడు తెలిసింది. అక్కడే రాయి మీద కూలబడి ఏడ్చాను. మజ్జిగావిడ భయపడి గ్లాసు నా నోటికి పెట్టింది. "తాగమ్మా, డబ్బుల్లేకపోతే మాన్లే" అంది. "ఉన్నయి, ఉన్నయి" అన్నాను మా మాటలోనే. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

దర్శనానికి తొమ్మిది గంటలు క్యూ. లింగం ముందు తల ఆనించాక ఏం కోరుకోవాలో తోచలేదు. పక్కనే ఉన్న గుడి కాపలావాడు తోసేశాడు, బయటికి వచ్చేశాను.

మన్సూరాబాద్

వచ్చిన రోజే ప్రసాదం స్టీలు డబ్బాలో పెట్టి సుజాతతో ఎదురింటికి పంపాను. నేను వెళ్ళలేకపోయాను. మర్నాడు డబ్బా కడిగి తిరిగి పంపింది. మా ఇళ్ళ మధ్య పదమూడేళ్ళలో ఏ గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి పంపేవాళ్ళం. ఆ డబ్బా మూత తీసి చూశాను, మళ్ళీ పెట్టాను.

ఇంతకంటే శిక్ష వేయమని నేను అడగను, తగ్గించమనీ అడగను. ఒక్కటి మాత్రం, వచ్చే ఏడు నడిచేవాళ్ళకు చెబుతున్నాను. నీ జంట ఏ మందు వేసుకుంటుందో, ఎప్పుడు తింటుందో నడక మొదలయ్యే ముందే విను, బూట్ల సంగతి తర్వాత. తిండి గురించి ఇంకొకరి తరఫున నువ్వు జవాబు చెప్పకు. రోడ్డు మీద భయం వేస్తే మనందరికీ భయంగా ఉంది అని చెప్పు, నువ్వు నోరు మూసుకో అని ఒక్కరికి చెప్పకు. నీ కొంగు ఎవరైనా లాగితే ఆగు. వెనక్కి తిరిగి మొహం చూడు. నేను తిరగలేదు.

చాలు సుజాతా, ఇక చేతులు నొప్పెడతాయి. నీళ్ళు తాగు. తాగి, మొదటి నుంచి ఒకసారి చదువు, నేను వింటాను. ఇక్కడ కాదు, ఆ కిటికీ దగ్గర కూర్చో. రెక్కలు రెండూ తెరువు. ఈ వేళకు ఆమె వాకిట్లో పీట వేసుకుని హాస్టలు బియ్యం ఏరుతూ ఉంటుంది. గట్టిగా చదువు. నేను అబద్ధమాడిన చోట మాత్రం గొంతు తగ్గించకు.